డీజిల్ తమ్ముడు, బ్యాటరీ అక్క

ఊళ్లో అందరూ ఆమెను వ్యాన్ అక్క అనేవారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

ఆమె స్టీరింగ్ పట్టింది సరదాకి కాదు. తల్లికి మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పట్నం తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు పట్టింది. బస్సులో తీసుకెళ్తే, తిరుగు ప్రయాణంలో ఆవిడ కూర్చోలేక పక్కవాళ్ల మీద వాలిపోయేది. తమ్ముడు మెకానిక్. తుక్కు కింద పోబోతున్న డీజిల్ వ్యాన్ ఒకటి తెచ్చి, షెడ్డులో దాని కిందే పడుకుని, ఒక్కో భాగం మార్చి దాన్ని బతికించాడు. షెడ్డు మూసి రోజూ తిరగడం అతనికి కుదరదు. అందుకని అక్కకి డ్రైవింగ్ నేర్పాడు. నేర్పినన్నాళ్లూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

తల్లి ఆ వ్యాన్‌లో మూడేళ్లు తిరిగింది. ఈలోగా మిగతా సీట్లు కూడా నిండాయి. రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన, బజారు వీధి దర్జీ, ఇంకో మామ్మ. ముగ్గురిదీ అదే జబ్బు, అదే ఆసుపత్రి. తల్లి పోయిన వారంలో కండక్టర్ పలకరించడానికి ఇంటికొచ్చాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"మరి మా సంగతేంటమ్మా?" అన్నాడు.

ఆమె మర్నాడే బండి తీసింది. ఇక ఆపలేదు.

గొడవ మొదలైంది ఆ డీజిల్ వ్యాన్ ఇంజన్ రెండోసారి చేతులెత్తేసినప్పుడు. పొగ లోపలికి కొడుతోంది. డయాలసిస్ అయ్యాక అసలే కడుపులో తిప్పుతుంటుంది, ఆ వాసనకి మామ్మ దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చునేది. అక్కకి బ్యాటరీ వ్యాన్ మీద మనసు పడింది. పట్నంలో పార్శిళ్లు మోసేవాళ్ల దగ్గర చూసింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, పొగ లేదు. కొనేటప్పుడు ధర ఎక్కువే. కానీ ఇంట్లో ప్లగ్గుకి పెట్టుకుంటే కిలోమీటరుకయ్యేది డీజిల్ ఖర్చులో నాలుగోవంతు కూడా ఉండదని వాళ్ల డ్రైవర్లు చెప్పారు. ఆయిల్ మార్చక్కర్లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, ఫిల్టర్లు లేవు.

తమ్ముడు ఒప్పుకోలేదు. షెడ్డులో పానాల బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే కొట్టిపారేశాడు. బ్యాటరీ ముసలిదైతే కొత్తది వేయించడానికి అయ్యే ఖర్చులో పాత వ్యాన్ ఇంకోటి వస్తుందన్నాడు. అమ్ముదామంటే కొనేవాడు ఉండడన్నాడు. కొండ దారిలో ఛార్జింగ్ నీళ్లలా కారిపోతుందన్నాడు. డీజిల్ అయిపోతే డబ్బాతో తెచ్చి పోసుకోవచ్చు, కరెంటు ఏ డబ్బాలో తెస్తావని అడిగాడు. ఆమె కూడా తగ్గలేదు. కొండ దారి మనకెందుకు, వంతెన మీదుగా పోతే దారంతా చదునే కదా అంది. నీ ఇంజన్ రిపేర్లకి ఏటా పోసేదంతా కూడితే బ్యాటరీ ధర ఎప్పుడో దాటిందని చెప్పింది. ఇద్దరి లెక్కలూ తప్పు కావు. అదే చిక్కు.

ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేవాడు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ల నోట్లో పడాల్సివస్తుందని, "నేను అచ్చు వేసేవాణ్ణే గానీ తీర్పు చెప్పేవాణ్ణి కాదు" అని తప్పుకున్నాడు.

మాటా మాటా పెరిగింది. ఆఖరికి ఆమె నోరు జారింది.

"అమ్మ పోయిందిరా. ఆ బండిని పట్టుకుని వేలాడితే తిరిగి రాదు."

తమ్ముడు చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె బ్యాటరీ వ్యాన్ కొంది. అతను చూడటానికి కూడా రాలేదు. పాత వ్యాన్ ఇంజన్ మళ్లీ విప్పి, బాగుచేసి, షెడ్డు పనులకి వాడుకోసాగాడు. దారిలో ఎదురుపడితే ఇద్దరూ హారన్ కొట్టుకునేవారు. పలకరింపంటే అంతే. నెలలు గడిచాయి. కొత్త వ్యాన్ ఒక్కరోజు మొరాయించలేదు. మామ్మ కిటికీ మూసుకుని నిద్రపోతూ వెళ్లేది.

అప్పుడొచ్చింది ఆ గాలివాన.

మధ్యాహ్నం మొదలై మర్నాడు పొద్దుటికి గానీ తగ్గలేదు. స్తంభాలు వరసగా వాలిపోయాయి. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. వంతెన మీద నడుం లోతు నీళ్లు. అక్క పొద్దున్నే వ్యాన్‌లో కూర్చుని మీట నొక్కింది. ముందురోజు వేరే కిరాయికి వెళ్లి, తిరిగొచ్చి ప్లగ్గు పెట్టిన కాసేపటికే కరెంటు పోయినట్టుంది. ఛార్జింగ్ సగం దాటి కొంచెం ఉంది. మామూలు దారిలో వెళ్లి రావడానికి సరిపోయేదే. కొండ చుట్టి వెళ్లాలంటే, వెళ్లడానికి చాలుతుందో లేదో చెప్పలేం. రావడమన్న మాటే లేదు.

ముగ్గురు రోగులూ అప్పటికే గొడుగుల కింద ఆమె ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఇంకో రోజు ఆగుదామనడానికి లేదు. దర్జీ కాళ్లు అప్పటికే నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. అంబులెన్సు కోసం కబురు పంపితే, ఉన్న రెండూ కూలిన ఇళ్ల దగ్గర ఉన్నాయని జవాబొచ్చింది.

ఆమె ఇక ఆలోచించలేదు. తమ్ముడి షెడ్డుకి నడిచింది.

అతను రేకులు ఎగిరిపోయిన చోట టార్పాలిన్ కడుతున్నాడు. అక్కని చూసి నిచ్చెన దిగాడు. పాత వ్యాన్ కావాలని అడిగింది. అతను వెళ్లి వ్యాన్ తాళం తిప్పి చూపించాడు. డీజిల్ ముల్లు అడుగున పడుకుని ఉంది.

"నిన్న మధ్యాహ్నం పోయిద్దామనుకున్నా. గాలి మొదలైంది. బంకు దగ్గరికి పొద్దున్నే వెళ్లొచ్చా. కరెంటు లేకపోతే వాళ్ల పంపు కూడా తిరగదటక్కా. టాంకు నిండా డీజిల్ ఉంది, పైకి తోడే దిక్కు లేదు" అన్నాడు.

ఇంకో రోజైతే ఆమె ఈ మాటకి పగలబడి నవ్వేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీ దాంట్లో ఎంతుంది?" అనడిగాడు.

ఆమె చెప్పింది. అతను కొండ వైపు చూశాడు, మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత టార్పాలిన్ అలాగే వదిలేసి, ఖాళీ డీజిల్ డబ్బా ఒకటి చేతికి తగిలించుకుని ఆమె వెంట బయల్దేరాడు. వ్యాన్‌లోంచి చివరి వరస ఖాళీ సీటు, స్టెప్నీ, సామాను పెట్టె తీయించి దింపేశాడు. బరువు తగ్గాలన్నాడు.

"అవి దింపి నువ్వెక్కావు. మెకానిక్ గారికి టికెట్టుతో పాటు లగేజీ చార్జీ కూడా కొట్టాలి" అన్నాడు కండక్టర్. మామ్మ నవ్వింది. దర్జీ నవ్వలేదు. ఊపిరి తీసుకోవడమే అతనికి కష్టంగా ఉంది.

కొండ దారి వచ్చింది. ఎక్కడం మొదలుపెట్టాక ముందున్న ఛార్జింగ్ అంకె కళ్లెదుటే తగ్గసాగింది. ఒక మలుపు తిరిగేసరికి ఒకటి, ఇంకో మలుపుకి ఇంకొకటి. లోపలి ఊపిర్లకి అద్దం మసకబారింది. అద్దం మీదికి గాలి కొట్టే ఫ్యాన్ వేస్తే ఛార్జింగ్ తింటుంది. తమ్ముడు తన చొక్కా విప్పి, దాంతోనే అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. రోడ్డు మీద కూలిన కొమ్మలు. ఒకచోట దిగి అతనూ కండక్టరూ ఒక దుంగని పక్కకి లాగారు. కండక్టర్‌ని లాగొద్దని అందరూ మొత్తుకున్నా వినలేదు.

పై మలుపు దగ్గర ఛార్జింగ్ ఎర్రదీపం వెలిగింది. బండి తనంతట తనే వేగం తగ్గించుకుంది. యాక్సిలరేటర్ తొక్కినా నడక వేగంలోనే పోతోంది. తన మొండితనం వల్ల ముగ్గురు మనుషులు ఈ కొండ మీద ఆగిపోతారేమో అన్న ఆలోచన అక్కని పట్టి పీడించింది. తమ్ముడు ఆ మాట అంటాడని ఎదురుచూసింది.

"పక్కకి చూడకు. రోడ్డు చూడు" అన్నాడు.

శిఖరం దాటారు. దిగుడు మొదలయ్యాక ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. అంకె కాసేపు అలాగే ఉండి, మెల్లగా పెరిగింది. దిగేటప్పుడు చక్రాలే బ్యాటరీని నింపుతాయని ఆమెకి తెలుసు. తమ్ముడు మాత్రం వంగి, ఆ అంకె మారడం మూడుసార్లు చూశాడు.

ఆసుపత్రి జనరేటర్ మీద నడుస్తోంది. ముగ్గురినీ లోపలికి తీసుకున్నారు. దర్జీని ముందుగా మిషన్ మీద పెట్టారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయేదని డాక్టరు చెప్పాడు.

ఇక తిరుగు ప్రయాణం. వార్డులన్నీ గాలివాన దెబ్బలు తగిలినవాళ్లతో నిండిపోయాయి. వరండాలో నేల మీద కూడా చోటు లేదు. డయాలసిస్ అయి, నీరసంగా ఉండే ముగ్గురిని ఆ తడి నేల మీద రాత్రంతా ఉంచడం ఆమెకి ఇష్టం లేదు. వార్డు సిస్టర్ దగ్గరికి వెళ్లి, వ్యాన్‌కి ఒక ప్లగ్గు ఇవ్వమని అడిగింది.

సిస్టర్ తలెత్తి చూసింది. రాత్రంతా నిద్ర లేని ముఖం.

"జనరేటర్‌లో డీజిల్ సాయంత్రం దాకానే ఉంది. లోపల మిషన్ల మీద మనుషులున్నారు. నీ బండికి ఇస్తే, ఎవరి మిషన్ ఆపమంటావు?"

తమ్ముడు ఏదో అనబోయాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ బయటికొచ్చి వ్యాన్ పక్కన నిలబడ్డారు.

కొంతసేపటికి తమ్ముడు ఖాళీ డబ్బా తీసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

డయాలసిస్ సగం అయింది. అతను రాలేదు. ఆమె గేటుకీ వార్డుకీ మధ్య తిరుగుతూనే ఉంది. కండక్టర్‌కి రక్తపోటు పడిపోయి కాళ్లు కొంకర్లు పోతే, నర్సుతో కలిసి అరికాళ్లు రుద్దింది. పొద్దు వాలకముందే కొండ దాటాలి, లేకపోతే దాటలేరు. అప్పుడు కనిపించాడు తమ్ముడు, చొక్కా లేకుండా, నిండిన డబ్బా భుజాన పెట్టుకుని. పట్నం అవతలి బంకులో సొంత జనరేటర్ ఉందని ఎవరో చెప్పారట. నడిచి వెళ్లి, వరసలో నిలబడి, నడిచి వచ్చాడు.

డబ్బా తెచ్చి సిస్టర్ ముందు పెట్టాడు.

"ఇది మీ జనరేటర్‌లో పొయ్యండి. మా బండి తాగేది ఇందులో చిన్న వాటా. మిగిలింది మీ మిషన్లకి."

సిస్టర్ జనరేటర్ చూసే మనిషిని పిలిచి అడిగింది. వ్యాన్ ఒక ఏసీ మిషన్ తాగినంత తాగుతుందని, ఫరవాలేదని అతను చెప్పాడు. ఆవిడే తాళాలు తీసుకుని వచ్చి, మూసి ఉన్న గదిలోని ప్లగ్గు చూపించింది.

తీగ తగిలించాక వ్యాన్ మీద పచ్చదీపం వెలిగింది. జనరేటర్ గదిలోంచి నల్లటి పొగ వస్తోంది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ పొగనీ ఆ దీపాన్నీ మార్చి మార్చి చూశారు.

వెలుగు ఉండగానే బయల్దేరారు. ఈసారి కొండెక్కేటప్పుడు భయం కాస్త తగ్గింది గానీ పోలేదు. వెనక ముగ్గురూ కళ్లు మూసుకుని ఉన్నారు. తమ్ముడు అద్దం తుడుస్తూనే, ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఖర్చు గురించి కాదక్కా నేను వద్దన్నది. ఇంజన్ ఆగితే విప్పి చూస్తా. ఏదో ఒకటి చేసి కదిలిస్తా. అమ్మ ఉన్నప్పుడు రెండుసార్లు అలాగే కదిలించా. ఇది ఆగిపోతే నాకేం చెయ్యాలో తెలీదు. పక్కన నిలబడి చూడ్డం తప్ప."

ఆమె మలుపు తిప్పింది. బండి తిన్నగా అయింది.

"ఆ రోజు షెడ్డులో అన్న మాట అనకుండా ఉండాల్సింది నేను" అంది. రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే, "పక్కన నిలబడు చాలు. దానికి కూడా ఎవరో ఒకరు కావాలిగా" అంది.

చీకటి పడుతుండగా ఊళ్లోకి వచ్చారు. మామ్మని, దర్జీని, కండక్టర్‌ని ఒక్కొక్కరి గుమ్మం దగ్గర దింపారు. కండక్టర్ దిగుతూ, ఈ ట్రిప్పుకి మెకానిక్‌కి పాసు ఇచ్చేస్తున్నానని ప్రకటించాడు.

కరెంటు ఐదోరోజుకి గానీ రాలేదు. ఆ లోపల పడిన ఇంకో డయాలసిస్‌కి, పట్నం నుంచి తెప్పించిన డీజిల్‌తో పాత వ్యాన్ వెళ్లింది. తమ్ముడే నడిపాడు. మామ్మ తల బయటపెట్టుకునే కూర్చుంది.

ఆ తర్వాత ఇద్దరి అభిప్రాయాలూ మారాయని చెప్పలేం. తనకోసమైతే బ్యాటరీ బండి చచ్చినా కొననని అతను ఇప్పటికీ అంటాడు. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ ఆమె షెడ్డుకి వెళ్లి, పని ఉన్నా లేకపోయినా, ఆ సంగతి చెప్పి వస్తుంది. దర్జీ ఇప్పుడు అతని పక్షం, మామ్మ ఆమె పక్షం. వాదన మాత్రం షెడ్డులోంచి వ్యాన్‌లోకి మారింది, ఎందుకంటే వారానికోసారైనా అతను ముందు సీట్లో కూర్చుని పట్నం దాకా వెళ్తున్నాడు. బ్యాటరీ బండికి మరమ్మతు చేసే కంపెనీ వాళ్లు అక్కడ ఆదివారాలు పాఠం చెప్తున్నారట. వెనక బెంచీలో తనే అందరికంటే పెద్దవాణ్ణని విసుక్కుంటాడు. వెళ్లడం మాత్రం మానలేదు.