లెక్కల కోసం పెట్టిన కూడిక

పదో తరగతి అయిపోయి పదకొండులో చేరేముందు మా బడిలో ఒక కాగితం ఇచ్చారు. ఏ లెక్కలు కావాలో అందులో టిక్కు పెట్టాలి. ఒకసారి పెడితే రెండేళ్లూ అవే లెక్కలు. ఆ తర్వాత కాలేజీలో ఏం చదవొచ్చో కూడా ఆ టిక్కును బట్టే ఉంటుంది. విషయం ఇంతే. ఇంతమాత్రం దానికి మా అమ్మ మెట్టుగూడలోని మా ఇంట్లో కూడిక పెట్టించింది. కూడిక అంటే చర్చి వాళ్లు ఇంటికొచ్చి పాటలు పాడి, బైబిలు వాక్యం విని, వరసగా ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లడం. ఎవరికైనా ఆపరేషన్ అయితే పెడతారు, కొత్త ఇల్లు కట్టుకుంటే పెడతారు. లెక్కలకు పెట్టినవాళ్లను నేను మా ఇంట్లోనే చూశాను.

కాగితంలో మూడు గడులున్నాయి. మొదటిది ఇంజనీరింగ్ కోచింగ్‌తో కలిపి మాథ్స్. పొద్దున బడి మొదలవకముందే క్లాసులు, సాయంత్రం బడి వదిలాక మళ్లీ క్లాసులు. రెండోది అప్లైడ్ మాథ్స్, కామర్స్ పిల్లలు తీసుకునేది. వడ్డీలు, వాయిదాలు, సగటులు ఉంటాయి, మార్కులు బాగా పడతాయని పేరు. మూడోది ఏ కోచింగూ లేని మామూలు మాథ్స్. బడివాళ్లు దాన్ని కాగితం మీద అచ్చేశారు గానీ ఎవరైనా అడుగుతారని వాళ్లే అనుకున్నట్టు లేదు. నాకు కావలసింది అదే. డిగ్రీలో మాథ్స్ చదవాలని నా కోరిక.

ఇది నేను దాచుకున్న కోరికేం కాదు. పదో తరగతిలోనే అమ్మకు చెప్పాను. రెండు యొక్క వర్గమూలాన్ని భిన్నంగా రాయడం కుదరదని క్లాసులో నిరూపించిన రోజది. ముందు కుదురుతుంది అనుకోవడం, అనుకున్నదాన్ని పట్టుకుని నడవడం, నడిచి నడిచి అది తనను తానే కాదనుకునేలా చేయడం. నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికి వచ్చీ రాగానే చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ పక్కన కూచుని మొత్తం చెప్పాను. అమ్మ ఓపిగ్గా విన్నది. విని, "అయితే నీకు ఇంజనీరింగ్ సీటు వస్తుందిలే" అంది. నేను ఇంకోసారి చెప్పాను. "అదే నేనూ అంటున్నా" అంది. ఏం చెప్పను.

అక్కడి నుంచి నేను మాథ్స్ అన్నప్పుడల్లా మా ఇంట్లో వాళ్లకు ఇంజనీరింగ్ అనే వినపడేది. ఇంజనీరింగ్ వద్దు అంటే, మరి మాథ్స్ ఎందుకు, హాయిగా అప్లైడ్ తీసుకో అనేవాళ్లు. అప్లైడ్ కూడా వద్దు, డిగ్రీలో మాథ్స్ చదువుతా అంటే మాత్రం ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత మెల్లగా, "డిగ్రీయా?" అనేవాళ్లు. డిగ్రీ అంటే మా చుట్టాల్లో ఏ సీటూ రాని పిల్లలు చదివేది. నాకు ఒళ్లు మండిపోయేది.

కోచింగ్ ఎలా ఉంటుందో చూసి చెప్పమని బడివాళ్లే ఒకరోజు నమూనా క్లాసు పెట్టారు. సరే చూద్దామని వెళ్లాను. ఆ సారు బోర్డు మీద ఒక లెక్క వేశారు. నేను నోటుబుక్కు తీసి చేయడం మొదలుపెట్టాను. ఆయన నా బల్ల దగ్గర ఆగి, ఎందుకమ్మా చేస్తున్నావు, కింద నాలుగు జవాబులు ఇచ్చారు కదా, ఒక్కోటీ వేసి చూడు, ఏది సరిపోతే అది అన్నారు. చేయకూడదట. చేస్తే టైం వేస్టట. ఆయన మంచివారే, నవ్వుతూనే చెప్పారు. కానీ రెండేళ్లు పొద్దున్నా సాయంత్రం ఇదే చేయిస్తే నాకు లెక్కలంటే అసహ్యం పుడుతుందని ఆ రోజే భయం పట్టుకుంది. పోనీ అప్లైడ్ తీసుకుందామా అంటే, దానితో డిగ్రీలో మాథ్స్ సీటు దొరకడం కష్టమని బడిలో ముందే చెప్పారు. మొదటి గడిలో పడితే ఇష్టం పోతుంది, రెండో గడిలో పడితే దారి పోతుంది. ఈ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. గోడకు చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది.

మా నాన్న రైల్వే ఆఫీసులో పని చేస్తారు. ఏం అడిగినా "చూద్దాం తియ్" అనడం ఆయన అలవాటు. ఆయన చూసేలోపు మా పెద్దమ్మ, మా అత్త రంగంలోకి దిగారు. అమ్మ వాళ్లక్క మా పెద్దమ్మ. కార్ఖానాలో ఉంటుంది, వాళ్లబ్బాయి ఇంజనీరు, కాబట్టి మొదటి గడి. నాన్న చెల్లెలు మా అత్త. మల్కాజ్‌గిరిలో ఉంటుంది, వాళ్లమ్మాయి అప్లైడ్ తీసుకుని మంచి మార్కులు తెచ్చుకుంది, కాబట్టి రెండో గడి. ఇద్దరూ రోజూ అమ్మకు ఫోను చేసేవాళ్లు. అమ్మ పొద్దున ఒక గడికి, సాయంత్రం ఇంకో గడికి ఊగేది. ఆఖరికి ఎటూ పాలుపోక చర్చిలో పాస్టరు అయ్యగారితో చెప్పేసింది. అయ్యగారు ఆదివారం ఆరాధనలో, మన సంఘంలో ఒక బిడ్డ మాథ్స్ విషయంలో తీర్మానం చేసుకోవలసి ఉంది, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అన్నారు. మా సంఘంలో ఆ ఏడు పదో తరగతి రాసింది నేనొక్కదాన్నే. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

సోమవారం కాగితం ఇవ్వాలి. కూడిక శనివారం సాయంత్రం. చర్చి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. అమ్మ మిర్చి బజ్జీలకు శనగపిండి కలిపి పెట్టింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. ఇక వరసగా ప్రార్థన అన్నారు అయ్యగారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు గట్టిగా ప్రార్థన చేయాలి, మిగతావాళ్లు కళ్లు మూసుకుని వినాలి.

పెద్దమ్మ కొంగు తలమీద కప్పుకుని మొదలుపెట్టింది. పిల్లకు మంచి ర్యాంకు దయచేయమంది. సోమరితనాన్ని దూరం చేయమంది. తేలిక దారులు చూపించి పిల్లల భవిష్యత్తు పాడుచేసేవాళ్ల మాటలు చెవిన పడనీయవద్దంది. తర్వాతి వంతు అత్తది. "ప్రభువా, చిన్నపిల్ల మీద మోయలేని బరువు పెట్టేటోళ్లకు జెర మంచి బుద్ధి దయచెయ్యి తండ్రీ" అంది. పెద్దమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటూ గొంతు పెంచింది. అత్త ఇంకా పెంచింది. ఇద్దరూ దేవుణ్ణి మధ్యలో కూచోబెట్టుకుని కొట్లాడుకుంటున్నారు. కళ్లు మూసుకున్నందువల్ల ఎవరి ముఖం ఎవరూ చూడనక్కర్లేదు. అయ్యగారు రెండుసార్లు దగ్గారు. అమ్మ తన వంతు వచ్చేసరికి ఏడ్చేసింది. ఏ దారి మంచిదో నువ్వే చెప్పు తండ్రీ అంది. నేను పక్కనే కూచున్నాను. నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు.

తర్వాతి వంతు నాది. చెయ్యడం ఇష్టం లేకపోతే పక్కవాళ్ల చెయ్యి తట్టి వదిలేయొచ్చు. నేనెప్పుడూ అదే చేసేదాన్ని. పక్కన నాన్న ఉన్నారు. చెయ్యి చాపబోయి ఆగిపోయాను. ఒక సంగతి అప్పుడే తట్టింది. ప్రార్థన చేసేవాళ్లను మధ్యలో ఎవరూ ఆపరు. ఆపడం మాలో లేదు.

"ప్రభువా" అన్నాను. "నాకు ఇంజనీరింగ్ వద్దు. కోచింగ్ వద్దు. అప్లైడ్ మాథ్స్ కూడా వద్దు. నాకు మూడోది కావాలి. డిగ్రీలో మాథ్స్ చదువుతాను. ఇది అమ్మకు చాలాసార్లు చెప్పానని నీకు తెలుసు. పెద్దమ్మను, అత్తను దీవించు. నా మీద ప్రేమతోనే అంటున్నారు. కానీ సోమవారం దాకా వాళ్లిద్దరూ ఫోన్లు చేయకుండా చూడు తండ్రీ. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాను. ఆమెన్."

ముందు అయ్యగారు "ఆమెన్" అన్నారు. అయ్యగారు అన్నాక అనకుండా ఎలా ఉంటారు? పెద్దమ్మ అంది, అత్త అంది, అందరూ అన్నారు. నాన్న తన వంతుకు ఎప్పటిలాగే "స్తోత్రం తండ్రీ" అని ఊరుకున్నారు. అయ్యగారు ముగింపు ప్రార్థన మామూలు కంటే చాలా పొట్టిగా ముగించి, బజ్జీల వాసన వస్తోందమ్మా అన్నారు.

నేను తిట్లు పడతాయని ఎదురుచూశాను. ఎవరూ ఏమీ అనలేదు. ప్రార్థనలో అన్నమాటను బజ్జీలు తింటూ కాదనడం ఎవరికీ చేతకాలేదు. పెద్దమ్మ బజ్జీలో ఉప్పు తగ్గిందంది. అత్త సరిపోయిందంది.

అందరూ వెళ్లాక నాన్న, నేను కుర్చీలు ఒకదానిమీద ఒకటి పెట్టి మెట్ల కిందికి చేరుస్తున్నాం. నాన్న ఆగి నా వైపు చూశారు.

"ఆ డిగ్రీల మాథ్స్ చదివి ఏం జేస్తవ్ రా?"

కోపంతో కాదు, వెటకారంతో కాదు. తెలుసుకుందామని అడిగారు. అన్ని వారాలుగా నేను అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. కోచింగ్ ఎందుకు వద్దు, అప్లైడ్ ఎందుకు వద్దు, ఎవరేమంటే ఏమనాలి, అన్నీ. దీనికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఎవరూ అడగలేదని నన్ను నేను కూడా అడగలేదు. నా మీద నాకే చిరాకేసింది, ఏడుపొచ్చింది.

"తెలీదు నాన్నా" అన్నాను. "కానీ అది చేస్తుంటే నాకు టైం తెలీదు."

నాన్న చేతిలో కుర్చీని కింద పెట్టి దానిమీదే కూచున్నారు.

"నాకు ఆఫీసుల పొద్దటి సంది టైం తెలుస్తనే ఉంటది" అన్నారు. "సోమవారం లీవు పెడ్త. బడికి ఇద్దరం పోదాం."