చివరి ఫారం

“ఏమ్మా, పేజీలు లెక్కపెట్టడమేనా? ఎప్పుడైనా చదివిన పాపాన పోయావా?”

రిటైరైన లెక్చరరమ్మ నవ్వుతూనే అడిగింది. అత్తింటివారి బైండింగు షాపులో ఇరవై రెండేళ్లుగా పేజీల వరస సరిచూస్తున్న పెద్దకోడలికి ఆ మాట చురుక్కుమంది. పక్కనే సూదిలోకి దారం ఎక్కిస్తున్న తోటికోడలు కిసుక్కుమనడంతో ఇంకా మండింది.

లెక్చరరమ్మ తెచ్చింది ఓ పాత ఇంగ్లీషు నవలకు తెలుగు అనువాదం. గుర్రబ్బగ్గీల కాలం నాటి కథ. చేతితొడుగులు కుట్టి బతికే పిల్ల, ఆమెను ప్రేమించి, పెళ్లి మాట వచ్చేసరికి వంశం గుర్తొచ్చిన జమీందారు కొడుకు. కుట్లు విప్పి, పాత జిగురు గీకేస్తే పుస్తకం ఇరవై ఆరు ఫారాలుగా విడిపోయింది. ఒక్కో ఫారం పదహారు పేజీలు. చిన్నకోడలు అన్నం తినే వేళ రోజుకు రెండేసి చదివేది. సాయంత్రం లెక్చరరమ్మ వచ్చి, స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చునేది. ఆ కుట్టుపిల్ల గురించి ఇద్దరూ సొంత మేనకోడలి సంగతిలా మాట్లాడుకునేవారు. పెద్దకోడలు టీ తెచ్చిపెట్టేది.

పుస్తకాలు మనసును విశాలం చేస్తాయంటారు. ఈమె మనసు ఫారానికో అంగుళం చొప్పున ఇరుకైంది. చిట్టచివరి ఫారాన్ని కొంగు చాటున ఇంటికి పట్టుకుపోయి, పెట్టెలో చీరల కింద దాచింది.

మర్నాడు చిన్నకోడలు షాపంతా గాలించింది. “అక్కా, చివరి ఫారం చూశావా?”

“నాకేం తెలుసే? చదివేదానివి నువ్వు. నేను లెక్కపెట్టేదాన్ని.”

“లెక్కపెట్టేదానివి గనకే అడుగుతున్నా.”

ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని, కూడబలుక్కుంటూ పెద్దకోడలు ఆ పదహారు పేజీలూ చదివింది. పిల్ల చచ్చిపోయింది. ఎందుకో అర్థం కాలేదు. ఎవరో ముసలామె మంచం పక్కన కూలబడి క్షమించమంటుంది. ఏం చేసిందని? మూడుసార్లు చదివినా తల తిరిగిందే గాని సంగతి తెలియలేదు. ముందరి కథంతా తోటికోడలి బుర్రలో ఉంది!

సోమవారం ఇక ఆగలేకపోయింది. “ఒసే, ఆ నీలం గౌను ముసలామె ఎవరే? పిల్ల పోతుంటే తెగ ఏడుస్తుంది?”

చిన్నకోడలి చేతిలో సూది ఆగిపోయింది. “పిల్ల... పోతుందా?”

ఇన్నేళ్లలో మొదటిసారి ఒక కథ సంగతి తనకే ముందు తెలిసింది. ఆ సంతోషం అర నిమిషం ఉంది.

“ఫారం ఇటివ్వు.”

“ముందు ముసలామె ఎవరో చెప్పు.”

“అబ్బో, దొంగతనం చేసి దబాయింపు కూడానా! ఆ జమీందారు కొడుకు తల్లి. పిల్లని పనిలోంచి తీయించింది ఆవిడే.”

“ఎందుకని?”

“మొదట్నుంచీ చెప్తే గానీ తెలీదు.”

“అయితే చెప్పు. మొత్తం చెప్పాకే ఫారం.”

అప్పటి నుంచి రోజుకో ఫారం కథ నడుస్తోంది. చెబుతూ చెబుతూ చిన్నకోడలు కళ్లొత్తుకుంటుంది. ఆ ఏడుపు కూడా తనకంటే బాగా ఏడుస్తుందని పెద్దకోడలికి కుళ్లు. ఇవాళ్టికి పద్నాలుగోది అయింది. చివరి ఫారం ఇంకా చీరల కిందే ఉంది.

లెక్చరరమ్మ అడ్వాన్సుగా వంద ఇచ్చింది. కుట్టిన పుస్తకం చేతికొచ్చాకే మిగతాది ఇస్తానంది. ఇంకా రెండు వందల యాభై రావాలి.