చెయ్యి లేవని వేసవి

మామిడికాయల లారీలు విస్సన్నపేట రోడ్డు మీద బారులు తీరే రోజుల్లో తిరువూరులో ఎలక్ట్రీషియన్‌కి అన్నం తినే తీరిక ఉండదు. ఎండలు ముదిరేదాకా ఎవరికీ ఫ్యాను గుర్తురాదు. ముదిరాక మాత్రం ఊరందరికీ ఒకే రోజు గుర్తొస్తుంది. కొత్త ఫ్యాను డబ్బా ముందు పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ నాకు ఫోన్లు చేస్తారు. ఆ హడావుడి నాకు ఇష్టం. నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. పెళ్ళిలో పీటల మీద కూడా కాలు ఆడిస్తూనే ఉన్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అలాంటి వేసవి నడుమ నా కుడి భుజం పట్టేసింది.

కొన్నాళ్ళుగా నొప్పిగానే ఉంది. లెక్కచెయ్యలేదు. ఆ రోజు సెంటర్లో ఒక బట్టల కొట్టు పైన, యజమాని ఉండే ఇంట్లో, హాల్లో ఫ్యాను మార్చడానికి నిచ్చెన ఎక్కాను. మోటారు ఛాతీ ఎత్తుదాకా బాగానే లేచింది. తల దాటించబోతే చెయ్యి ఆగిపోయింది. లోపల ఎవరో గడియ పెట్టినట్టు ఇక పైకి రాలేదు. ఎడంచేత్తో మోటారును పొట్టకు అదుముకుని, "అయ్యగారూ, ఒక్కసారి పట్టుకోండి" అని అరిచాను. ఆయన చొక్కా కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి కింద నుంచి అందుకున్నాడు. ఇద్దరం కలిసి మోటారును దివాన్ మీద పెట్టాం. నేను నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడ్డాను.

డాక్టరు నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, భుజం కీలు బిగుసుకుపోయిందన్నాడు. రోజూ వేళ్ళతో గోడ మీద పాకుతూ చేతిని కొంచెం కొంచెం పైకి జరపమన్నాడు. వదలడానికి నెలలు పట్టొచ్చన్నాడు.

"పని?" అన్నాను.

"తల పైకి చెయ్యెత్తే పని ఏదీ వద్దు."

ఫ్యాన్లు బిగించేవాడికి తల కింద పని ఏముంటుంది?

ఇంట్లో నా తిరుగుడు మొదలైంది. వచ్చిన ఫోన్లన్నీ ఇంకొకరికి అప్పగించడం, వాళ్ళు వెళ్ళారో లేదో కనుక్కోవడం, వెళ్ళకపోతే తిట్టడం. ఆ తరవాత ఏమీ లేదు. ముందు గదిలో మా ఆవిడ కుట్టుమిషను ఉంది. ఆమె జాకెట్లు కుడుతుంది, చుట్టుపక్కల ఆమెకు మంచి పేరు. నేను ఆ మిషను చుట్టూ తిరిగేవాణ్ణి. మిషన్‌కి నూనె వేసేవాణ్ణి, వేసినదాన్ని మళ్ళీ తుడిచేవాణ్ణి. బాగానే వెలుగుతున్న లైటు స్విచ్చి విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి.

"మీరు అలా తిరుగుతుంటే నాకు కుట్టు వంకరపోతోందండీ" అందామె ఒకరోజు. "బయటికైనా వెళ్ళండి, లేకపోతే పడుకోండి."

పడుకుంటే భుజం పోటు. బయటికి వెళ్తే బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళు, "ఏంటి, సీజన్లో ఖాళీగా ఉన్నావు?" అని అడుగుతారు. రెండూ నాకు సరిపడలేదు.

ఒక మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి ఫోను వచ్చింది. ఆవిడ టీచరు. వాళ్ళ ఇల్లు కట్టినప్పుడు వైరింగంతా నేనే చేశాను. నన్ను తమ్ముడూ అని పిలుస్తుంది. వాళ్ళ అత్తగారికి తుంటి ఎముక ఆపరేషనై ఇంటికి తీసుకొచ్చారట. మంచం దిగడానికి లేదు. ఆ గదిలో ఫ్యాను కాలిపోయింది. కొత్తది తెచ్చుకున్నారుగాని బిగించేవాడు దొరకడం లేదు.

"ఎవరినైనా పంపించు తమ్ముడూ. ఆవిడ చెమటకి కట్టు తడిసిపోతోంది. నాకు ఏడుపొస్తోంది."

నాకు తెలిసిన వాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఒకడు పెళ్ళి డెకరేషన్‌లో ఉన్నాడు, ఒకడు మైలవరంలో ఉన్నాడు, ఇంకొకడు ఫోనే ఎత్తలేదు. నేను గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. మిషను చప్పుడు ఆగింది.

"నేనెక్కుతాను" అంది మా ఆవిడ.

"ఎక్కడికి?"

"నిచ్చెన. మీరు కింద నుంచి చెప్పండి."

నవ్వాను. ఆమె నవ్వలేదు. దారం కొరికి, జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. అది బరువుంటుందని చెప్పాను. నీళ్ళ బిందె కన్నానా అంది. కరెంటుతో ఆటలు కాదన్నాను. ఆటలని ఎవరన్నారంది. పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి కట్టి వచ్చింది. నా చేత్తో బండి నడపలేను కనక ఇద్దరం షేర్ ఆటో ఎక్కాం. టూల్స్ సంచీ ఆమె ఒళ్ళో ఉంది. దారంతా నేను టెస్టరు ఎలా పట్టుకోవాలో, హుక్కుకి రబ్బరు ఎటు ఉండాలో చెబుతూనే ఉన్నాను. పక్కన మామిడికాయల బుట్టతో కూర్చున్న ముసలాయన ఆఖరికి విసుక్కుని, "ఆవిడకి అర్థమైందిలే అబ్బాయ్" అన్నాడు.

టీచరుగారి ఇంట్లో మంచాన్ని గోడ పక్కకు జరిపాం. పెద్దావిడ వెల్లకిలా పడుకుని మా వంకే చూస్తోంది. మా ఆవిడ నిచ్చెన ఎక్కడం చూసి, "ఎవరే పైన? ఆడపిల్లలా ఉందే!" అంది.

"ఆడపిల్లనే అమ్మా" అంది మా ఆవిడ పైనుంచి.

"జాగ్రత్త తల్లీ. నేను స్నానాల గదిలో జారితేనే ఇంతయింది."

పాత ఫ్యాను దింపడమే ఒక యుద్ధం. బోల్టు తుప్పు పట్టింది. నేనైతే ఒక్క ఊపులో విప్పేవాణ్ణి. ఆమె కాసేపు తిప్పుతుంది, ఆగి చూస్తుంది, మళ్ళీ తిప్పుతుంది. నా ఎడంచెయ్యి నిచ్చెనను పట్టుకుని ఉంది. కుడిచెయ్యి ఊరికే వేళ్ళాడుతూ దానికదే బిగుసుకుంటోంది. "అటు కాదు, ఇటు. గట్టిగా. పానా మార్చు. మార్చమంటే!" అని అరుస్తున్నాను.

"మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే విప్పుతాను."

పెద్దావిడ మంచం మీద నుంచి అందుకుంది. "అవునబ్బాయ్. నువ్వు అలా ఊగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కుదురుగా నిలబడు."

నిలబడ్డాను. బోల్టు వచ్చింది. కొత్త మోటారు నేను ఎడంచేత్తో అందించాను, టీచరుగారు కింద నుంచి ఎత్తిపట్టింది. బోల్టు జారకుండా పిన్ను దూర్చి, దాని కాళ్ళు రెండూ వంచాకే మా ఆవిడ చేతులు వదిలింది. నేను చెప్పకముందే హుక్కును పట్టుకుని రెండుసార్లు ఊపి చూసింది. టెస్టరు ఆనించి చూసి వైర్లు కలిపింది, రెక్కలు బిగించింది. రెగ్యులేటరు తిప్పగానే ఫ్యాను తిరిగిందిగాని కొంచెం ఊగుతోంది.

"అంత ఊగుడు పర్లేదు, కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాను. నాకు అక్కణ్ణుంచి బయటపడాలని ఉంది.

ఆమె వినలేదు. ఫ్యాను ఆపించి మళ్ళీ ఎక్కింది. సంచీలోంచి తన కొలతల టేపు తీసి ఒక్కొక్క రెక్క కొసకీ స్లాబుకీ మధ్య కొలిచింది. ఒక రెక్క కాస్త కిందికి ఉంది. దాని స్క్రూలు వదులు చేసి, సర్ది, మళ్ళీ బిగించింది. ఈసారి ఊగలేదు. గాలి తగలగానే పెద్దావిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయింది.

తిరుగు ప్రయాణం కూడా షేర్ ఆటోలోనే. ఆమె సంతోషంగా ఉందని నాకు తెలుస్తోంది. కిటికీ లేని ఆటోలోంచి తోటలకేసి చూస్తూ, నల్లబడిన గోళ్ళను చున్నీతో తుడుచుకుంటోంది. నాకు మాత్రం ఎవరిమీదో కోపంగా ఉంది. ఎవరిమీదని అడిగితే చెప్పలేను. ఇంటి దగ్గర దిగాక ఆమే అడిగింది.

"తప్పు చేశానా?"

"లేదు. బాగానే చేశావు."

"మరి మొహం అలా పెట్టారేంటి?"

గోడ దగ్గరికి వెళ్ళి వేళ్ళతో పాకడం మొదలుపెట్టాను.

ఆ తరవాత ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. టీచరుగారు తోటి టీచర్లందరికీ చెప్పింది. కొందరు గుమ్మంలోనే ఆపి, "ఆడమనిషిని నిచ్చెన ఎక్కించడమేంటయ్యా?" అన్నారు. అలాంటి చోట సంచీ భుజాన వేసుకుని వెనక్కి వచ్చేశాం. ఎక్కువమంది మాత్రం ఉక్కపోతకి తాళలేక లోపలికి రమ్మన్నారు.

గంపలగూడెంలో ఒక పత్తి రైతు కొత్తిల్లు కట్టాడు. అన్ని గదులకీ ఫ్యాన్లు బిగించాలి. నేను ఎప్పుడూ చేసే పద్ధతి చెప్పాను. డబ్బాలన్నీ ఒకే గదిలో విప్పాలి. మోటార్లకి రాడ్లు, వైర్లు కింద కూర్చునే బిగించుకోవాలి. నిచ్చెన ఇల్లంతా ఒక చుట్టు తిరిగేసరికి మోటార్లన్నీ హుక్కులకి ఎక్కాలి. ఇంకో చుట్టులో రెక్కలు. అలా చేస్తే సగం తిరుగుడు తగ్గుతుంది. ఆమె మధ్యలోనే అందుకుంది.

"జాకెట్లూ అంతేగా. అన్నీ ఒకసారి కత్తిరించుకుని, చేతులన్నీ ఒకసారి కుట్టి, హుక్కులన్నీ ఆఖర్న వేస్తాం."

పని నిజంగానే పరుగుపెట్టింది. చాలా రోజుల తరవాత నా ఒంట్లోని తొందరకి దారి దొరికింది. ఒక గదిలో ఆమె పైన ఉండగా, పక్క గదికి కావలసినవన్నీ నేను సర్దేస్తున్నాను. పని మొదలెట్టే ముందే మెయిన్ స్విచ్చి కిందికి దించి కరెంటు ఆపేశాను. ఆ ఇంట్లోనే రంగులు వేసే ఆయన ఉన్నాడు. ఫోను ఛార్జింగ్ ఆగిపోయిందని, మేం ఆపిన సంగతి తెలియక, ఆయన వెళ్ళి మెయిన్ పైకెత్తాడు.

మా ఆవిడ పడగ్గదిలో నిచ్చెన మీద ఉంది. హుక్కు పక్క నుంచి వేళ్ళాడే వైర్లకి తొడుగు వలిచి ఉంది. నేను గుమ్మంలో, తరవాతి చుట్టుకి కావలసిన రెక్కలు పట్టుకుని నిలబడ్డాను.

"కానియ్ కానియ్, ఇంకా మూడు గదులున్నాయి" అంటున్నాను.

ఆమె వైరు పట్టుకోబోయి, ఆగి, అలవాటు ప్రకారం టెస్టరు ఆనించింది. దానిలో చిన్న దీపం వెలిగింది.

"ఏవండీ" అంది మెల్లగా. "కరెంటుంది."

నా చేతుల్లోంచి రెక్కలు జారి గచ్చు మీద పడ్డాయి. ఆ చప్పుడుకి రంగులాయన పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి, తెల్లబోయి, రంగు చేతులతోనే దణ్ణం పెట్టాడు. ఆమె కిందికి దిగి, నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. తరవాత తనూ ఒక గుక్క తాగింది.

"వెళ్ళిపోదాం" అన్నాను.

"ఇంకా మూడు గదులున్నాయన్నారుగా" అంది. "మీరు వెళ్ళి మెయిన్ దగ్గర నిలబడండి. నేను చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలద్దు" అంది.

మెయిన్ వరండాలో ఉంది. అక్కణ్ణుంచి లోపలి గదులు కనిపించవు. బోర్డు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నిచ్చెన కాళ్ళు గచ్చు మీద జరిగిన చప్పుడు, పానా కిందపడిన చప్పుడు, మధ్యలో ఏ చప్పుడూ లేకపోవడం, ఇవే నాకు తెలిసేవి. చప్పుడు ఆగినప్పుడల్లా పిలిచేవాణ్ణి. "ఉన్నాను" అనేది. మళ్ళీ కాసేపటికి పిలిచేవాణ్ణి. నా జీవితంలో అంతసేపు ఒకచోట నిలబడింది లేదు. కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం బోర్డు మీద నుంచి తియ్యలేదు. ఆమె నేను లేని మధ్యాహ్నాలన్నీ, నేను ఏ ఇంట్లో ఏ నిచ్చెన మీద ఉన్నానో తెలియకుండా ఎలా మిషను తొక్కిందో అప్పుడు ఆలోచించాను. ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం ఆటోలో అడిగాను.

"భయం వేసేదా?"

"ఎప్పుడు?"

"నేను పనికెళ్ళినప్పుడు."

"వేసేది" అంది. "ఫోను చేస్తే విసుక్కునేవారు. అందుకని చెయ్యడం మానేశాను."

చలికాలానికి భుజం వదిలింది. పూర్తిగా కాదు. వెనక్కి పెడితే ఇప్పటికీ కలుక్కుమంటుంది. మరుసటి వేసవికి నేను నిచ్చెన ఎక్కగలిగాను. ఆమె మానేస్తుందనుకున్నాను. జాకెట్ల పని తగ్గించుకుని రెండో నిచ్చెన కొనిపించింది. పెద్ద ఇల్లయితే ఇద్దరం వెళ్తాం, చెరో గదిలో ఎక్కుతాం. మెయిన్‌కి తాళం వేసి తాళంచెవి ఆమె దగ్గరే ఉంచుకుంటుంది. ఒక్క ఫ్యానే అయితే ఎవరో ఒకరమే వెళ్తాం.

నిన్న వినగడపకి ఆమె ఒక్కతే వెళ్ళింది. కొత్తరకం రిమోటు ఫ్యాను, నాకంటే ఆమెకే బాగా తెలుసు. నేను ఇంట్లో ఉండి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి విసుక్కుంది. అయినా ఇంకో పది నిమిషాలాగి మళ్ళీ చేశాను.