పైలట్ల మాట, పొల్లు పోకుండా

నెల్డా ప్రూయిట్ మా జిల్లా కోర్టులో ముప్పై ఒక్క సంవత్సరాలు స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. సాక్షి తుమ్మితే తుమ్మాడని కూడా రాసే మనిషి. ఒకసారి జడ్జిగారు విసుగులో నోరు జారి, "ఆ మాట తీసెయ్ నెల్డా" అన్నారట. "తీసెయ్యమన్నారని కూడా రాసేశానండీ" అందట ఈవిడ. ఆ కథ మా ఊరు మినరల్ వెల్స్‌లో తెలియని వాళ్లు లేరు.

వియత్నాం యుద్ధం రోజుల్లో మా ఊరి పక్కనే సైన్యం వాళ్ల హెలికాప్టర్ బడి ఉండేది. పొద్దున లేస్తే ఆకాశం నిండా నారింజ రంగు తూనీగలే. చుట్టుపక్కల పొలాల్లో పాత టైర్లకు రంగులు వేసి పడేసేవారు, ఎక్కడ దిగాలో కుర్రాళ్లకు తెలియడానికి. నెల్డాకు అప్పుడు పందొమ్మిదేళ్లు. హైవే పక్క హోటల్లో కాఫీలు అందించేది. శిక్షణకు వచ్చిన కుర్రాళ్లు చక్కెర డబ్బాను కొండగా నిలబెట్టి, ఫోర్కును హెలికాప్టర్‌గా ఎగరేసి, తాము ఎలా దిగారో ఆమెకు చూపించేవారు. కొన్ని నెలలకు ఆ బల్లల దగ్గర కొత్త కుర్రాళ్లు కూర్చునేవారు. పాతవాళ్లు వియత్నాం వెళ్లిపోయేవారు. ఆ తర్వాత వాళ్లకు ఏమైందో కాఫీ అందించే పిల్లకు ఎవరు చెబుతారు?

ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది, ఆ పైలట్లలో ఒకాయన చనిపోతే నెల్డా అంత్యక్రియలకు వెళ్లింది. పాస్టరు పుట్టిన తేదీ చదివాడు, సైన్యంలో చేరిన తేదీ చదివాడు, పోయిన తేదీ చదివాడు. అక్కడున్న ఆయన కొడుకులకు కూడా అంతకు మించి తెలియదు. మర్నాడు పొద్దున నేను లైబ్రరీ తలుపు తీస్తుంటే మెట్ల మీద నిలబడి ఉంది.

"డోరీన్, నీ వెనక గది నాకిచ్చెయ్."

"అందులో విరిగిన కుర్చీలున్నాయే."

"అవి తీసి బయట పారెయ్. పుట్టాడు, ఎగిరాడు, పోయాడు. ఇంతేనా ఒక మనిషి? నాకు ఒళ్లు మండిపోతోంది."

అలా మొదలైంది. ఒక బల్ల, ఒక మైకు, ఆమె కోర్టులో వాడిన స్టెనో యంత్రం. వారానికి ముగ్గురో నలుగురో పైలట్లు వచ్చేవారు. ఏటా అక్టోబరులో పాత పైలట్లంతా మా ఊళ్లో కలుసుకునే మూడు రోజులూ మా ఇద్దరికీ ఊపిరి సలిపేది కాదు. నెల్డాకు కొన్ని పట్టింపులుండేవి. సాక్షి నోటికి మాట అందించకూడదు. మధ్యలో అడ్డు తగలకూడదు. "భయపడ్డారా అని అడిగితే లేదంటారు డోరీన్. అప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయని అడగాలి. చేతులు అబద్ధం చెప్పవు" అనేది. మగవాళ్లు ఆ ప్రశ్నకు తమ చేతుల వైపు చూసుకునేవారు. అక్కడినుంచి అసలు కథ వచ్చేది.

రాయిస్ టాకెట్ వచ్చింది 2013లో. పక్కనున్న వెదర్‌ఫర్డ్‌లో గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. 1970 ఏప్రిల్లో అతనికి ఇరవై రెండేళ్లు. వియత్నాంలో ఒక కొండ మీది నుంచి గాయపడ్డ ముగ్గురు సైనికుల్ని ఎక్కించుకుని లేచేసరికి మబ్బు కమ్మేసింది. పట్టపగలే, ముందు అద్దం అవతల పాలు ఒలకబోసినట్టు తెలుపు. చుట్టూ కొండలు. ఎటు తిప్పితే ఎక్కడ గుద్దుకుంటారో తెలియదు.

"అప్పుడు రేడియోలో ఎవడో దొరికాడు మేడం" అన్నాడు రాయిస్. "మబ్బు పైన చిన్న విమానంలో తిరుగుతున్నాడు. ముక్కుతో మాట్లాడతాడు, మన ఉత్తర రాష్ట్రాల వాడు. 'నేను లోయ మొదట్లో ఉన్నా. ఇక్కడ కొండల్లేవు. నా గొంతు పట్టుకుని వచ్చెయ్' అన్నాడు. మా దగ్గర ఒక ముల్లుండేది, ఎవడైనా రేడియోలో మాట్లాడుతుంటే ఆ గొంతు ఎటునుంచి వస్తోందో అటు చూపిస్తుంది. మాట ఆగిందా, ముల్లు పడిపోతుంది. అందుకని వాడు ఒకట్నుంచి పదిదాకా, పదినించి ఒకటిదాకా లెక్కపెట్టడం మొదలెట్టాడు."

నెల్డా తల ఊపింది, అంతే.

"రెండు నిమిషాలకి మా వైపు మాట పోయింది. మాకు వినబడుతోంది, మేం అనేది వాడికి చేరట్లేదు. 'ఉన్నావా? ఉన్నావా?' అని అడిగి ఆగిపోయాడు. ముల్లు పడిపోయింది. నా గుండె కూడా పడిపోయింది. మళ్లీ మొదలెట్టాడు. ఈసారి అంకెలు కాదు మేడం. ఆడాళ్ల పేర్లు!"

"మీకెలా వినబడ్డాయో అలా చెప్పండి."

"డచెస్. మేబెల్. బెర్నీస్. ఫ్లోసీ. పెర్ల్. హెల్గా. మిసెస్ హాఫ్‌మన్. ట్రూడీ. అయిపోతే మళ్లీ డచెస్. నా పక్కనున్నవాడు ఆ చావులో కూడా నవ్వాడు. 'వీడు పెళ్లైన ఆవిణ్ణి కూడా వదల్లేదురోయ్' అని! ఆ ఆడాళ్లందర్నీ పట్టుకుని వేలాడుతూ మబ్బులోంచి బయటికొచ్చాం. పైకొచ్చేసరికి వాడు లేడు. ఎండ ఒక్కటే ఉంది."

"అప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయి?"

రాయిస్ చేతులు చూసుకున్నాడు. "వదలట్లేదండీ. దిగాక కూడా హెలికాప్టరు నడిపే కర్రని వదలట్లేదు. ఒక్కో వేలూ ఊడదియ్యాల్సొచ్చింది."

ఆ సాయంత్రమే, కొండ మీద కాల్పుల్లో దిగిన ఇనుప ముక్క మోకాట్లో ఉందని అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడినుంచి జపాన్, అక్కడినుంచి ఇల్లు. ఆ గొంతు ఎవరిదో అడగడానికి అక్కడ లేడు. తర్వాత రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. నెల్డా ప్రతి పేరూ వరస తప్పకుండా రాసి, ఫైలు కట్టి, బీరువాలో పెట్టింది.

నాలుగేళ్లు గడిచాయి. 2017 అక్టోబరు, పాత పైలట్లు కలుసుకునే రోజులు. లైబ్రరీ కిటకిటలాడుతోంది. ఒకాయన మాత్రం కాఫీ కెటిల్ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. పేరు ఆర్లన్ టెష్. విస్కాన్సిన్ నుంచి బావమరిదిని దింపడానికి కారు నడుపుకుంటూ వచ్చాడట.

"మీరూ ఎగిరారా?" అని అడిగింది నెల్డా.

"చిన్న విమానమండీ. ఇక్కడ నేర్చుకోలేదు. పైన తిరుగుతూ కింద ఏముందో చెప్పడమే నా పని. చెప్పుకోడానికి ఏం లేదు."

"లోపల కుర్చీ మెత్తగా ఉంటుంది. కాఫీ అక్కడ తాగండి."

ఆ మాటతో ఎంతమందిని ఆ గదిలోకి తీసుకుపోయిందో! ఆయన కూర్చున్నాడు. ముందు వాతావరణం గురించి, ఇంజిను గురించి చెప్పాడు. తలుపు ఓరగా ఉండి నాకూ వినబడుతోంది. కాసేపటికి గొంతు తగ్గింది.

"ఒకటి ఉందండీ. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఒక హెలికాప్టరు మబ్బులో చిక్కుకుంది. నా గొంతు పట్టుకుని రమ్మన్నాను. లెక్కపెడుతున్నాను. వాళ్లు పలకడం మానేశారు. నా నోరు తడబడుతోంది, అంకెలు తప్పుతున్నాయి. నిద్రలో లేపి అడిగినా తప్పు పోకుండా చెప్పగలిగేది నాకు ఒకటే ఉంది. మా కొట్టంలో ఆవులు. పాలు పితికే వరసలో."

యంత్రం మీద నెల్డా వేళ్లు ఆగిపోయాయి. ఆ టకటక చప్పుడు మధ్యలో ఆగడం నేను వినడం అదే మొదటిసారి.

"పదకొండు నిమిషాలు చెప్పాను. పెట్రోలు అడుగంటింది. వెనక్కి తిరిగాను. కొండకి గుద్దుకున్నారు వాళ్లు, ఇంకేం అవుతుంది? లోపల ఎంతమందో కూడా తెలీదు. చచ్చిపోతున్న మనుషుల చెవుల్లో ప్రార్థన చెప్పాలి గాని ఆవుల పేర్లేంటండీ? అది ఎవరికి చెప్పుకోను?"

"ఆ పేర్లు, మీరు అప్పుడు అన్న వరసలో చెప్పండి" అంది నెల్డా. గొంతు కోర్టులో ఉన్నట్టే ఉంది.

ఆయన చెప్పాడు. ఆమె రాసుకుంది. "ఇప్పుడే వస్తాను, ఆ పీచ్ పళ్ల కేకు ఒక ముక్క తినండి" అని బయటికొచ్చి తలుపు వేసింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"డోరీన్! రాయిస్ ఫైలు! పరిగెత్తు!"

"అరవై ఐదేళ్ల దాన్ని, పరిగెత్తించకే తల్లీ" అంటూనే పరిగెత్తాను.

రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టాం. డచెస్, మేబెల్. నా వేలు వరస వెంట దిగుతోంది. హెల్గా. మిసెస్ హాఫ్‌మన్! ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, లైబ్రరీలో అరవకూడదు కనుక, నోళ్లు మూసుకుని గెంతాం. రెండు పేర్లు మాత్రం ముందు వెనకలుగా ఉన్నాయి. మిగతా వరసంతా ఒకటే.

"వెళ్లి చెప్పెయ్!" అన్నాను.

"చెప్పను."

"అదేంటే? నలభై ఏడేళ్లు మోశాడు పాపం, ఇంకా ఎందుకు?"

"నేను పొరపడితే? ఆశపెట్టి లాక్కుంటే ఆయన గతి ఏం కాను? సాక్షి ఎదురుగా వచ్చి, తన నోటితో తనే చెప్పాలి." ఫోను తీసింది. "రాయిస్, ఏం చేస్తున్నావ్?"

అవతలి గొంతు నాకూ వినిపించేంత పెద్దది. "గుర్రానికి నాడాలు కొడుతున్నా."

"ఎన్ని కాళ్లయ్యాయి?"

"మూడు."

"చాలు. వచ్చెయ్."

"నాలుగో కాలో?"

"అది ఎక్కడికీ పోదు. నువ్వు రా!"

ముప్పావు గంటలో వచ్చాడు, తోలు ఏప్రన్ కూడా విప్పకుండా. ఈలోగా నెల్డా ఆర్లన్‌తో వాళ్ల ఊరి మంచు గురించి, వెన్న గురించి మాట్లాడుతూ కేకు రెండో ముక్క కూడా తినిపించింది. నేను ఆ ముప్పావు గంటలో ఒక్క పుస్తకం కూడా సరైన చోట పెట్టలేదు.

గుమ్మంలోనే ఆపింది రాయిస్‌ను. లోపల బల్ల దగ్గర ఆర్లన్ ఫోర్కు పట్టుకుని కూర్చున్నాడు. మైకు ఎర్ర దీపం వెలుగుతోంది.

"రాయిస్, నాకు చెప్పిన ఆ పేర్లు ఇంకోసారి చెప్పు."

"ఇందుకా పిలిచారు? డచెస్. మేబెల్. బెర్నీస్. ఫ్లోసీ..."

ఆర్లన్ చేతిలో ఫోర్కు పళ్లెంలో పడింది.

"పెర్ల్. హెల్గా..." రాయిస్ అతని మొహం చూసి నెమ్మదించాడు. "మిసెస్ హాఫ్‌మన్..."

"ట్రూడీ" అన్నాడు ఆర్లన్. ముక్కుతో, లోగొంతుకతో.

రాయిస్ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. ఆ గొంతును గుర్తుపట్టడానికి అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

"నువ్వా?" అన్నాడు.

"ఎంతమంది?" అన్నాడు ఆర్లన్. "లోపల ఎంతమంది?"

"ఏడుగురం. ఏడుగురమూ బయటికొచ్చాం. మాకు వినబడుతూనే ఉందయ్యా! చివరిదాకా! మేం పలికేదే నీకు చేరలేదు."

ఆర్లన్ లేవబోయాడు. రాయిస్ రెండంగల్లో వెళ్లి, ఏప్రన్‌తో సహా, గుర్రపు వాసనతో సహా, ఆయన్ను కావలించుకున్నాడు. డెబ్భైకి దగ్గరపడ్డ ఇద్దరు మగవాళ్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు. అప్పుడు కూడా నెల్డా యంత్రం టకటకలాడుతూనే ఉంది. ఆమె బుగ్గల మీద మాత్రం నీళ్లు కారిపోతున్నాయి.

కాస్త తెప్పరిల్లాక రాయిస్ అడిగాడు. "ఇంతకీ ఆ అమ్మాయిలంతా ఇప్పుడెక్కడున్నారు?"

"అమ్మాయిలు కాదు. మా నాన్న ఆవులు."

రాయిస్ కళ్లు తుడుచుకోవడం ఆపాడు.

"ఆవులా?"

"పాడావులు. మిసెస్ హాఫ్‌మన్ అంటే మా బళ్లో టీచరు. ఆ ఆవుకీ ఆవిడకీ నడక ఒకటే."

"ప్రతి ఏప్రిల్లోనూ మేబెల్ పేరు చెప్పి బీరు తాగుతున్నానయ్యా నేను! నలభై ఏడేళ్లు!" రాయిస్ నెత్తి పట్టుకున్నాడు. "ఓరి దేవుడా, మా పెద్దమ్మాయి పేరు పెర్ల్!"

"పెర్ల్ మంచి ఆవు" అన్నాడు ఆర్లన్ చాలా గంభీరంగా. "ఎవర్నీ తన్నలేదు."

అంతే, నవ్వులకు పైకప్పు ఎగిరిపోయింది. బయట కాఫీ తాగుతున్న పైలట్లంతా ఏమైందోనని గదిలోకి తోసుకొచ్చారు. మా లైబ్రరీ కట్టిన నాటినుంచి అంత నవ్వు అందులో వినబడి ఉండదు.

తర్వాత ఇద్దరికీ తగువొచ్చింది. బెర్నీస్ ముందని రాయిస్, ఫ్లోసీ ముందని ఆర్లన్.

"నా ఆవులు నాకు తెలీవా?"

"నా చెవులు నాకు లేవా?"

తీర్పు చెప్పమని నెల్డా వైపు తిరిగారు. "నేను జడ్జిని కాదు" అంది. "ఇద్దరి మాటా ఉంటుంది." వారం తర్వాత విస్కాన్సిన్ నుంచి ఆర్లన్ అక్క ఫోను చేసి, ఇద్దరూ తప్పేనని, ఆ ఏడాది హెల్గాను అమ్మేసి కొత్త ఆవుకే ఆ పేరు పెట్టామని, దాంతో పాలు పితికే వరసే మారిపోయిందని చెప్పింది. నెల్డా అది కూడా తేదీ వేసి జతచేసింది. ఆ హెలికాప్టర్లో వెళ్లిన గాయపడ్డ సైనికుల్లో ఒకాయనను ఒహాయోలో వెతికి పట్టుకుంది. ఆయనకు పేర్లేమీ గుర్తులేవు గాని, ఎవరో తెగ నవ్వుతున్నారని గుర్తుంది. ఆ నవ్వు విని తాను చావడం లేదనుకున్నాడట.

ఆ తర్వాతి ఏప్రిల్లో ఆర్లన్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరినీ దింపడానికి కాదు. బావమరిదిని ఇంట్లోనే వదిలేసి, పెట్టె నిండా జున్ను పట్టుకుని వచ్చాడు. రాయిస్ తన కుటుంబాన్నంతా వెంటేసుకొచ్చాడు. వాళ్లలోంచి నలభై దాటిన ఒక పొడుగాటి ఆవిడ ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆర్లన్ ముందు నిలబడింది.

"నా పేరు పెర్ల్. మీతో తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది బాబాయ్."

ఆర్లన్ టోపీ తీసి లేచి నిలబడ్డాడు. మా వైపు చూశాడు.

"ఆగండాగండి!" అంటూ గది అవతలి నుంచి నెల్డా పరుగెత్తుకొచ్చింది. "ఎవరూ మాట్లాడకండి. ముందు మైకు పెట్టనివ్వండి!"