ఆకుల దండ

ఆముదపు ఆకు తుంచితే వేళ్లకు అంటుకునే పచ్చి వాసన నిన్న దేవనకొండ దారిలో మళ్లీ తగిలింది. చేను హద్దులు ఫోనులో గుర్తించి, పంట పేరు కాగితం మీద నా చేత్తో రాసి, గట్టెక్కాను. ఆ రాత నాకు నేర్పిన రజియా మేడం ఆ వాసనతో పాటే గుర్తుకొచ్చారు.

ఆమెది ఆదోని, వయసులో నాకంటే చిన్న. పొలాల సర్వే పని చూసేవారు. ఏ చేను ఎంత నీళ్లు తాగుతోందో ఉపగ్రహం పంపే బొమ్మలతో అంచనా కట్టాలంటే, అందులో ఏ పంట ఉందో కింద నిలబడి ఒకరు చూసి చెప్పాలి. ఆ పనికి మా పల్లెలో ఆడవాళ్లను ఎంచుకుంటూ, చదవడం రాయడం వచ్చా అని అడిగారు. రాకపోయినా వచ్చునన్నాను. నలభై దాటాయి, కలుపు తీయడానికి నడుము వంగడం లేదు. ఈ సర్వే పని వదులుకునే స్థితిలో లేను.

ఫోను వాడకం రంగులు, గుర్తులు చూసి నేర్చుకున్నాను. చేనుకొక నంబరు అదే వేసుకునేది. పంట పేరు మాత్రం కాగితం మీద రాయాలి. అందుకని చేనుకొక ఆకు తుంచి, నడిచిన వరసలోనే దారానికి గుచ్చేదాన్ని. మొదటి ఆకుకు ఎర్ర గుడ్డపీలిక కట్టేదాన్ని. సాయంత్రం పక్కింటి పద్మ ఆ దండ చూసి కాగితం నింపేది. ఒకరోజు పీలిక కట్టడం మరిచాను. పద్మ చివరి ఆకు నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ పోయింది.

నాలుగు రోజులకు రజియా మేడం ఆదోని బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చారు. గుట్ట పక్కన వానకే పండే చేనులో నీళ్లు బాగా తాగే మిరప, బోరు పారే చేనులో మెట్ట పంట ఆముదం ఉన్నాయంటోంది నా కాగితం. నన్ను తీసేయమని పైవాళ్లు అన్నారట. అంతలో చూరుకు వేలాడుతున్న ఆనాటి దండ ఆమె కంటపడింది. ఇక నేను దాచలేదు. దండ దించి, రెండు కొసలూ పట్టుకుని చూశారు.

"ఈరమ్మక్కా, సూసేది సరిగానే సూసినావు. ఇది యాడ మొదలైందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు జరమొచ్చి పండుకుంటే దీన్ని ఎవరు సదవాల?"

తిట్టి ఉంటే అంత సిగ్గుపడేదాన్ని కాదు.

"పా, అన్ని చేలూ మళ్లా తిరుగుదాం. ఈసారి పేరు నువ్వే రాయి. గట్టు దాటకముందే రాయాల."

"నాకు రాదని సెప్తిని కదా మేడం."

"గొర్రు పట్టేది పుట్టినప్పుడే వచ్చినాదా నీకు?"

రెండు రోజులు తిరిగాం. సాళ్ల మధ్య మట్టిలో పుల్లతో ఆమె రాస్తే, నేను దిద్దాను. అఆలకంటే ముందు నాకు పత్తి వచ్చింది. నా మిరప సగం కాగితం ఆక్రమించింది. ఇంత పెద్ద మిరపకాయ యెమ్మిగనూరు సంతలో కూడా చూడలేదని నవ్వారు. రాయించి చూడకుండా పనిలో పెట్టుకోవడం తన తప్పేనని పైవాళ్లకు చెప్పి, నా పని నిలబెట్టారు.

ఇప్పుడు కొత్తగా వచ్చే ఆడవాళ్లకు పని నేర్పేది నేనే. రాయడం వచ్చా అని ఎవరినీ అడగను. అడిగితే వచ్చుననే అంటారు. చేను నడుమకు తీసుకుపోయి పెన్ను చేతికిస్తాను. చెయ్యి ఆగిందంటే, నా సంచిలో సూదీ దారమూ ఎప్పుడూ ఉంటాయి. ఒక ఆకు తుంచి గుచ్చమంటాను. పక్కన కూర్చుని దాని పేరు మట్టిలో రాయిస్తాను, గట్టు దాటకముందే.