నాయన ఎడమచేతి ముగ్గు

మొన్న మదనపల్లెలో మా ఇంటి గేటుకు రంగు వేయిస్తాంటే, ఎనామిల్ వాసన గుప్పున వచ్చి నన్ను తొంభైల నాటి పుంగనూరులో మా నాయన పక్కన కూర్చోబెట్టింది.

నాయన అంగళ్లకు బోర్డులు రాసేవాడు. గురువంటూ ఎవరూ లేరు; క్యాలెండర్ల బొమ్మలు చూసి చూసి, బొగ్గుతో గోడలు పాడుచేసి, అవ్వ చేత తిట్లు తిని నేర్చుకున్నాడు. శెనక్కాయలు పీకే కాలంలో, వొడి నిండా పచ్చికాయలు పోసుకుని, పాలంగడి బోర్డు మీద ఆయన గీసే మా ఊరి పొట్టి ఆవు ముందర కూర్చుంటే, సంగటీ ఊరిబిండీ చల్లారిపోతాండాయని అమ్మ అరిచేదాకా లేచేదాన్ని కాదు. ఆవుకు కన్ను మాత్రం చివర్న పెట్టేవాడు. "కన్ను పెట్టినాక అది మనల్ని సూస్తాదమ్మా, ఇంగ దిద్దగూడదు" అనేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నెలరోజులు కుప్పం ఆసుపత్రిలో ఉండి వచ్చి, కుంచెలన్నీ మూటగట్టించి అటక మీద వేయించినాడు. పొద్దంతా గోడకు తిరిగి పండుకునేవాడు. నాకు ఆయన మీద జాలికంటే కోపమే ఎక్కువగా ఉండేది, చెప్పుకోడానికి సిగ్గేస్తాది.

ఒకనాడు అమ్మకు జొరం. పొద్దున్నే ముగ్గు వేయాల్సిన నేను బద్ధకించి, ఆలస్యంగా లేచి చూస్తే, నాయన గడప ముందర చతికిలబడి ఎడమచేత్తో ముగ్గుపిండి జారవిడుస్తాండాడు. గీతలన్నీ వణికినాయి, అయినా అది పొట్టి ఆవే. మా వీధిలో మగోళ్లు ముగ్గెయ్యరు. ఎదురింటి రెడ్డెమ్మత్త "ఏమప్పా, ఆడోళ్ల పని నువ్వు సేస్తాండావే!" అని పకపకా నవ్వింది. నాయన చెయ్యి ఆగిపోయింది. అమ్మ దుప్పటి కప్పుకునే బయటికొచ్చి, "నవ్వుకోనీలే. నువ్వు కన్ను పెట్టు" అనింది.

పెట్టినాడు. ఆ పొద్దు నుంచి మూడేండ్లు ఆ గడప ఆయనదే. రోజుకో ఆవు, రోజుకో నెమలి. బస్టాండుకు పోయేవాళ్లు తొక్కకుండా పక్కకు తిరిగి పోయేవాళ్లు, నాయన మళ్లీ నవ్వేవాడు.

రెండోసారి పక్షవాతం ముగ్గు వేస్తాండగానే వచ్చింది. ముగ్గు పక్కనే ఒరిగి ప్రాణం వదిలినాడు. ఆవుకు అన్నీ ఉండాయి, కన్ను లేదు. చావింటి ముందర ముగ్గు ఉండగూడదంట. నేను చిటికెడు పిండి తీసుకుని వంగితే రెడ్డెమ్మత్తే ఏడుస్తా నా చెయ్యి పట్టుకునింది. "వద్దు తల్లీ, ఈ పొద్దు వేయగూడదు." ఆయన్ని ఆడ పండబెట్టడానికని ఎవరో ముగ్గు మీద రెండు బిందెల నీళ్లు కుమ్మరించినారు.

ఇప్పుడు పుంగనూరు బజారంతా ఫ్లెక్సీలే, చేత్తో రాసిన బోర్డు ఒకటీ లేదు. ఈడ మా గడప ముందర నేనే కొనుక్కొచ్చి అంటించిన ప్లాస్టిక్ ముగ్గు. ఎన్ని నీళ్లు పోసినా పోదు.