మా స్టెఫా అత్త చీలమండలు

మా ఊళ్ళో స్టెఫా అత్త చేత తిట్లు తినని పాదం లేదు. కెనడాలోని సస్కాచెవన్ గోధుమ పొలాల మధ్య ఉన్న మా జోర్యాలో మంచు హాకీ స్కేట్లు కావాలంటే హార్డ్‌వేర్ షాపు వెనకగదికి వెళ్ళాల్సిందే. ముందు భాగంలో మేకులు, పెయింటు డబ్బాలు, పశువులు నాకే ఉప్పుదిమ్మలు ఉంటాయి. వెనకగదిలో ఒక బెంచీ, గోడ నిండా స్కేట్లు, వాటిని వేడి చేసే చిన్న ఓవెన్, వీటన్నిటికీ మహారాణిలా మా అత్త. ఆవిడ మా నాన్నకు స్వయానా చెల్లెలు. నేను ఆవిడ దగ్గర పనికి కుదిరి ఏళ్ళు గడిచాయి, నా జుట్టూ నెరుస్తోంది. అయినా ఆవిడ లెక్కలో నేనింకా పని నేర్చుకుంటున్నదాన్నే.

కోతలు అయిపోయి మొదటి మంచు పడగానే పిల్లల్ని వెంటేసుకుని ఊరంతా దిగుతుంది. వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట.

"కాస్త పెద్ద సైజు ఇవ్వండి. వచ్చే ఏడు కూడా పనికొస్తాయి" అన్నాడు మొన్నొక రైతు, కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టి.

"వచ్చే ఏటి పాదం ఇవాళ తెచ్చావా?" అంది అత్త.

"లేదండీ."

"మరి తెచ్చిన పాదానికే ఇస్తాను."

స్కేటు రోజూ వేసుకునే బూటు కంటే చిన్నదిగా ఉండాలంటే ఎవరూ నమ్మరు. అత్త వాదించదు. పలచటి మేజోడు తొడిగిస్తుంది, పాదం లోపలికి పెట్టించి మడమతో నేల మీద గట్టిగా తన్నమంటుంది, అప్పుడు లేసులు బిగిస్తుంది. "వేళ్ళు ముందు అంచుకి ముద్దు పెట్టాలి, తల బాదుకోకూడదు. మడమ మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉండాలి" అంటుంది. తర్వాత ఓవెన్‌లో వేడి చేసి మెత్తబడిన స్కేటుని మళ్ళీ తొడిగి, అది చల్లారి పాదం ఆకారం పట్టేదాకా కదలకుండా కూర్చోమంటుంది. కదిలితే ఎంత పెద్దవాళ్ళయినా మొట్టికాయే.

ఆవిడకి ఒళ్ళు మండే మాట ఇంకొకటుంది. "మా అమ్మాయికి చీలమండలు బలహీనమండీ, స్కేట్లు వేస్తే లోపలికి వాలిపోతాయి" అని ఏ తల్లయినా అందంటే ఇక అయిపోయినట్టే.

"బలహీనమా? మరి నడిచొచ్చిందా, ఎత్తుకొచ్చావా? తల్లీ, చీలమండల్లో ఏ లోపమూ లేదు. ఆ స్కేట్లే వదులుగా ఉన్నాయి. వదులు బూటేస్తే గుర్రం కాలైనా వాలుతుంది."

సరైన సైజు తొడిగాక, పై రెండు వరసల లేసు విప్పేసి అమ్మాయిని లేచి నిలబడమంటుంది. పట్టు లేకపోయినా కాళ్ళు నిటారుగా ఉంటాయి. తల్లి నోరు తెరుచుకుని చూస్తుంది. "ఇక ఆ మాట నా గదిలో అనకు" అని అత్త తర్వాతి పాదం దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఇంతటి అత్తని, "నువ్వెందుకు ఆడవు?" అని ఎవరైనా అడిగితే ఏమనేదో తెలుసా? "నాకు చీలమండలు బలహీనం" అనేది. అక్షరాలా అదే నోటితో! మా ఇంట్లో ఒక్కరికీ అది వింతగా తోచలేదు. సొంతవాళ్ళ మాటలు చెవిన పడతాయి గానీ బుర్రకెక్కవు.

ఆ మాట పుట్టింది మా తాతగారి పొలం పక్క మడుగు మీద. శీతాకాలంలో అది గడ్డకడితే నాన్న అక్కడే హాకీ నేర్చుకున్నాడు. ఆయన స్కేట్లలోనే పాత కాగితాలు కుక్కుకుని, రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకుని అత్త కూడా ఒక శీతాకాలం ప్రయత్నించింది. నిలబడితే చాలు, రెండు కాళ్ళూ లోపలికి కూలబడేవి. "నీ చీలమండలు బలహీనమే స్టెఫా, నీ వల్ల కాదు" అని అన్నగారు తీర్పు చెప్పాడు, చెల్లెలు నమ్మింది. తర్వాత నాన్న ఊరి జట్టులో పెద్ద ఆటగాడయ్యాడు. ఆయన ఫోటో ఇప్పటికీ ఊళ్ళో మంచు హాకీ ఆడే రింక్ గోడ మీదుంది. అత్త ఆ ఫోటో కింద నిలబడి ఆయన జట్టు మొత్తానికి టీ పోసింది, రొట్టెముక్కలు పంచింది. ఆట మీద ఆవిడకున్న పిచ్చి నాన్నకి సగం కూడా లేదు. ఆడవాళ్ళ జట్టు ఆడుతుంటే వెనక నిలబడి గొంతు బొంగురుపోయేలా అరుస్తుంది. పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ ఎటు పోతుందో అది పోకముందే ఆవిడకి తెలుస్తుంది.

కిందటి శీతాకాలం ఆవిడ మోకాలు మొరాయించింది. సాస్కటూన్‌లో పెద్ద డాక్టరు చూసి, వసంతంలో కీలు మార్చేయాలన్నాడట. ఆ ముచ్చట ఆదివారం మా వంటింట్లో గిన్నెలు కడుగుతూ చెప్పింది.

"ఆ తర్వాత స్కేట్ల జోలికి పోకూడదట. వేసుకుంటే కదా మానడానికి!" అని నవ్వింది.

నవ్వింది గానీ కుళాయి కట్టలేదు. చేతిలో పళ్ళెం పట్టుకుని, నీళ్ళు పోతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అరవై ఏడేళ్ళ మనిషి, ఊరందరినీ మంచు మీదికి పంపిన మనిషి, ఆ శీతాకాలం దాటితే తను ఇక ఎప్పటికీ దిగలేదు. ఆవిడకి ఆ కోరిక ఇంకా ఉందని నాకప్పుడే తెలిసింది.

ఆ వారమే మా ఆడవాళ్ళ జట్టులో ఒకామె మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. నలభై దాటినవాళ్ళ జట్టు మాది. శనివారం పక్క ఊరితో ఆట. జట్టు నాయకురాలు డార్లీన్, ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తుంది, సోమవారం పొద్దున్నే షాపుకొచ్చింది.

"స్టెఫక్కా, ఒక మనిషి తక్కువ. నువ్వు దిగు."

"నీకు మతి పోయిందా? నా చీలమండలు..."

"అత్తా, కూర్చో" అన్నాను నేను. "పాదం చూడకుండా మాట్లాడకూడదని నువ్వే నేర్పావు."

ససేమిరా అంది. మోకాలు అంది, వయసు అంది. డాక్టరు ఏమంటాడో అంది, మళ్ళీ తనే "ఈ లోగా వద్దని ఆయనేం అనలేదులే, నేనడగలేదుగా" అని గొణిగింది. ఇంకేం, బెంచీ మీద కూర్చోబెట్టేశాం.

"ఎనిమిదిన్నర సైజు తియ్యి. లోపల ఉన్ని మేజోడు వేసుకుంటాను. చీలమండ దగ్గర బాగా బిగించు, లేకపోతే వాలిపోతాయి" అంది. ఇదే మాట ఇంకెవరైనా అని ఉంటే ఆవిడ వాళ్ళని వీధిలోకి నెట్టేది.

నేను ఉన్ని మేజోడు లాగేసి, పాదాన్ని కొలత పలక మీద పెట్టాను. సన్నటి, చిన్న పాదం. రోజువారీ బూట్లు కూడా జన్మంతా పెద్దవే వేసుకుందేమో అనిపించింది. ఆ సైజు, ఆ వెడల్పు ఆడవాళ్ళ అరలో లేదు. పిల్లల అరలో పైన ఒక జత దొరికింది.

"పిల్లలవా? నన్ను చూసి ఊరు నవ్వాలనా?"

"మడమతో తన్ను అత్తా."

తన్నింది. వేళ్ళు అంచుని తాకీ తాకనట్టున్నాయి. లేసులు బిగించకముందు వాటి రంధ్రాల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టి చూశాను, అది పాదానికి తగల్లేదు, పైన సరిపడా చోటుంది. మడమ వెనక నా వేలు దూరలేదు. ఓవెన్‌లో వేడి చేసి తొడిగాను. చల్లారేదాకా ఆవిడ ఆ బెంచీ మీద బుద్ధిగా కూర్చుంది. అది ఆ గదిలో ఎప్పుడూ జరగని సంగతి. డార్లీన్ కూడా పనికి ఆలస్యమవుతున్నా కదల్లేదు.

అప్పుడు లేచి రబ్బరు చాప మీద నిలబడింది. కిందికి చూసుకుంది.

"ఎటు వాలాయి?" అంది.

"ఎటూ వాలలేదు."

"సరిగ్గా చూడు."

"చూశానత్తా. నిటారుగా ఉన్నాయి."

ఆవిడ వంగి పై రెండు వరసల లేసు విప్పేసింది. మళ్ళీ నిలబడింది. కాళ్ళు కదల్లేదు. అంతే, మా అత్త గట్టిగా ఏడ్చేసింది. "దీనమ్మ కడుపు కాలా, ఇన్నేళ్ళూ నా కాళ్ళనే తిట్టుకున్నానే!" అంది. డార్లీన్ ఆవిడని పట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

గురువారం సాధన. మిగతా సరంజామా తలా ఒకటి ఇచ్చాం. డార్లీన్ మోచేతి కవచాలు, నా పాత హెల్మెట్, మణికట్టు విరిగినామె చేతితొడుగులు. హెల్మెట్ పట్టీకీ గడ్డానికీ మధ్య వేలు దూరుతోందో లేదో తనే చూసుకుంది, స్టిక్కు గడ్డం దాకా వచ్చేలా కోయించుకుంది. అంతా అయ్యాక తీరా చూస్తే, ఉత్సాహంలో ముందే స్కేట్లు బిగించేసుకుంది. మోకాలి కవచాలు, మందపాటి నిక్కరు ఇంకా సంచిలోనే ఉన్నాయి. స్కేట్లు ఆఖరున వేసుకోవాలని అందరికీ చెప్పే మనిషి! గదంతా పడీ పడీ నవ్వింది. "నోరు ముయ్యండి, లేసులు విప్పండి" అని అరిచింది, తనూ నవ్వుతూనే.

మంచు మీద మొదట గోడ పట్టుకుని నడిచింది. ఆ తర్వాత వదిలింది. వేగమేమీ లేదు, ఆగాలంటే గోడని గుద్దుకోవడమే దారి. కానీ కాళ్ళు నిటారుగా ఉన్నాయి, ఆవిడ మొహం వెలిగిపోతోంది.

మా నాన్న మెత్రో రోజూ రింక్ పైఅంతస్తు వంటగదిలో పాత జతగాళ్ళతో కాఫీ తాగుతాడు. కిటికీ అద్దంలోంచి అత్తని చూసి కిందికి దిగొచ్చాడు.

"ఏమే స్టెఫా, చీలమండలు ఇంట్లో వదిలొచ్చావా?" అని తన జోకుకి తనే నవ్వాడు.

అత్త గోడ దగ్గరికి వచ్చి ఆయన ఎదురుగా ఆగింది. వంగి రెండు స్కేట్ల పై లేసులూ విప్పి నిలబడింది.

"చూడన్నయ్యా."

నాన్న చూశాడు.

"నా స్కేట్లు నీకు మరీ పెద్దవి" అన్నాడు చివరికి.

"కాగితాలు కుక్కుకున్నాగా."

"కుక్కినా పెద్దవే. నాకు అప్పుడే తెలుసు."

"తెలిసీ ఆ మాటన్నావా?"

"ఇంట్లో ఒక్క జతే ఉండేది స్టెఫా. నువ్వు పడుతూ కూడా నవ్వేదానివి. నీకు ఆట వచ్చేస్తే, ఆ జత రోజు మార్చి రోజు నీకిమ్మంటాడు నాన్న. అదే నా భయం..." అని ఆపేశాడు.

"నాకప్పుడు ఏడేళ్ళు" అంది అత్త.

"నాకు పదకొండు" అన్నాడు నాన్న.

ఆవిడ లేసులు మళ్ళీ కట్టుకుంది. ఆయన వైపు చూడకుండా మంచు మధ్యలోకి వెళ్ళిపోయింది. నాకు నాన్న మీద కోపం ముంచుకొచ్చింది. అంతలోనే, టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డ ఆయన్ని చూస్తే జాలి కూడా వేసింది. శుక్రవారం అత్త ఇంటి నుంచి ఆయనకి రోజూ వచ్చే, ఆలుగడ్డ కుక్కిన కుడుముల్లాంటి పెరోగీల గిన్నె రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాన్న సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాడు.

శనివారం ఊరు ఊరంతా రింక్‌లో ఉంది. బయట ఎముకలు కొరికే చలి, లోపల కాఫీ వాసన. మా ఆటలో ఎవరూ ఎక్కువసేపు మంచు మీద ఉండరు. నిమిషం ఆడి బెంచీకి వచ్చేయాలి, ఇంకొకరు దిగుతారు. వంతు అయ్యాక రాని మనిషిని మా ఊళ్ళో భోజనాల దగ్గర కూడా నమ్మరు. అత్తకి ఇది తెలియదా? మొదటి రెండుసార్లూ బుద్ధిగా దిగింది, బుద్ధిగా వచ్చింది. మూడోసారి పక్ సరిగ్గా ఆవిడ అనుకున్న చోటికే వచ్చింది. స్టిక్కుతో ఆపి నాకు అందించింది. అంతే, ఆ తర్వాత రాలేదు.

"స్టెఫక్కా, వచ్చెయ్!" అని డార్లీన్ అరిచింది. రాలేదు. బెంచీ అంతా స్టిక్కులతో చెక్కని బాదింది. పక్క ఊరివాళ్ళు ఈలలు వేశారు. అత్త కుంటుతోంది, రొప్పుతోంది, అయినా పక్ వెనకే పోతోంది.

"పిలవకండే దాన్ని!"

జనంలోంచి లేచి అరిచింది మా నాన్న. అందరూ వెనక్కి తిరిగారు. ఆయన మొహం ఎర్రబడిపోయి ఉంది.

"దాని వంతులన్నీ నేనే ఆడేశాను. ఉండనివ్వండి."

సగం లేచిన డార్లీన్ మళ్ళీ కూర్చుంది. బెంచీ మీద స్టిక్కులన్నీ కిందికి దిగాయి.

అవతలి కొస నుంచి మా అత్త తల తిప్పకుండానే అరిచింది: "ఊరికే గోల చెయ్యకన్నయ్యా, ఇక్కడ ఆట నడుస్తోంది!"

గురువారం తర్వాత ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.